ఆషాఢంలో చూసిన ఇల్లు

బ్యాంకులో కొత్తగా చేరి ఇంటి లోన్ల సీట్లో కూర్చున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, ఇల్లు చూడడానికి పోయినప్పుడు ముఖ్యంగా ఏం చూడాలి?" అని అడుగుతారు. పాత దస్తావేజులు, నాలుగు దిక్కుల హద్దులు, రోడ్డు వెడల్పు, ఇవన్నీ వాళ్లకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. అందుకని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "ఏ నెలలో పోతున్నావు?" అంటాను. రిటైరైనాక పెద్దాయనకు చాదస్తం ముదిరిందని అనుకుంటారేమో. అనుకోనీండి. నాకు ఈ చాదస్తం పట్టించిన ఇల్లు ఒకటుంది, దాని సంగతి చెబుతాను, విన్నాక మీ ఇష్టం.

తెలంగాణ వచ్చి, జిల్లా ముక్కలై, పాలమూరు చుట్టూ ఎక్కడ చూసినా వెంచర్ల జెండాలు ఎగురుతున్న రోజులవి. మా బ్రాంచిలో ఇంటి లోన్లు నేనే చూసేవాణ్ణి. మా మేనేజరుది కోస్తా, నాకన్నా వయసులో చిన్న. మనసు మంచిదే కానీ ఆయన మీద పెట్టిన టార్గెటు మంచిది కాదు. పొద్దున్నే నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఏమండీ, ఇవాళ ఇల్లేమైనా దొరికిందా?" అని అడిగేవాడు. వినేవాళ్లు పాపం ఈయనకు అద్దె ఇల్లు దొరకడం లేదనుకునేవారు.

ఇంటి విలువ కట్టడానికి మాకు ఒక ఇంజనీరు ఉండేవాడు. ప్రతి గోడనూ తాళంచెవితో టకటకా కొట్టి, చెవి ఆనించి విని, "లోపల ఇటుక మంచిదే" అని తీర్పు చెప్పేవాడు. గోడ లోపలి సంగతి అంత బాగా వినే మనిషి గోడ అవతలి సంగతి ఎన్నడూ వినలేదు. ఆ మాటకొస్తే నేనూ వినలేదు. మా బ్యాంకు ఇంటికి కండ్లు పెట్టి చూడమంది కానీ చెవులు పెట్టి చూడమని ఎక్కడా చెప్పలేదు.

ఆ ఏడు ఆషాఢంలో భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆమె సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు. ఊళ్లో అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. ఆయనది మక్తల్ దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం, ఆయన మాత్రం అంగళ్లు తిరిగి గొర్రెల బేరం చేసేవాడు. అంగట్లో అరిచి అరిచి గొంతు ఎంత పెద్దదయిందంటే, ఆయన గుట్టుగా ఒక మాట చెబితే క్యాషియరుకు కూడా వినబడేది.

"ఇల్లు ఎందుకు కొనాలనుకుంటున్నరు?" అని అడగడం మాకు అలవాటు. జనం సాధారణంగా పిల్లల చదువని, సొంత గూడని ఏదో ఒకటి చెబుతారు. సిస్టరమ్మ మాత్రం, "పండుకోనీకె సార్" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పిండి గిర్ని మీద కిరాయికున్నం సార్. నాకు ఎక్కువ నైట్ డ్యూటీలే వడ్తయి. పొద్దుగాల నేను ఇంటికొచ్చే యాళ్లకు వాడు గిర్ని షురూ జేస్తడు. మంచం మొత్తం ఊగుతది. కండ్లు మూతవడ్తయి గని నిద్ర నిలవదు. మొన్న వార్డుల ఒక అవ్వకు ఇచ్చే సూది పక్క బెడ్డు అవ్వకు ఇయ్యవోయిన. చెయ్యి ముందటికి పోయినంక యాదికొచ్చి ఆగిన. ఆగకుంటే ఏమైతుండెనో. నాకు ఇంటి మీద పెద్ద ఆశ లేదు సార్. నిద్ర కావాలె."

అంత పెద్ద గొంతు మనిషి, ఆమె భర్త, ఆ మాటలు విని తల వంచుకున్నాడు. అన్ని సంవత్సరాల నౌకరీలో ఇల్లు ఎందుకంటే ఇంత సూటి జవాబు నాకు ఇంకెవరూ చెప్పలేదు. ఆమెకు ఎట్లాగైనా ఒక ఇల్లు ఇప్పించాలనిపించింది.

ఇక్కడ మన వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఆషాఢంలో ఎవరూ ఇల్లు కొనరు, కానీ అందరూ ఇల్లు చూస్తారు. పెండ్లిళ్లుండవు, పేరంటాలుండవు, చేతిలో పనుండదు. ఆషాఢమంతా తీరిగ్గా చూసి పెట్టుకొని, శ్రావణంలో మొదటి మంచి రోజు రాగానే బయానా ఇచ్చి, సంతకాలు పెట్టేస్తారు. చూడడానికి ఏ రోజైతేనేం, కొనడానికి కదా ముహూర్తం కావాలి అనేది అందరి లెక్క. ఆ లెక్కలో తప్పేముందో నాకూ అప్పటికి తెలియదు.

వాళ్లు చూసుకున్న ఇల్లు నిజంగానే ముచ్చటగా ఉంది. వెలుతురున్న ముందు గది, వెనక వేపచెట్టున్న పెరడు. పెరడు చూడగానే ఆయన, "రెండు మేకలు కట్టేసుకోవచ్చు సార్" అని మురిసిపోయాడు. పెరటి గోడ అవతల పెద్ద రేకుల షెడ్డు, దానికి షట్టరు, షట్టరుకు తాళం. బోర్డు లేదు, మనిషి లేడు. షెడ్డు ముందు ఒక కుక్క నాలుగు కాళ్లూ చాపి పడుకొని ఉంది.

"అదేంటిది?" అని అడిగాను.

ఇల్లు అమ్మే ఆయన ఒకప్పుడు సిమెంటు వ్యాపారం చేసి మానుకున్న మనిషి. "గోదాము సార్! సామాను వెడ్తరు, తీస్తరు, గంతే!" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్నాను, అయినా వీధి చివరన ఉన్నవాణ్ణి పిలిచినట్టు అరిచాడు. పాపం కొంచెం చెవుడు కాబోలు అనుకున్నాను. తర్వాత ఆయన వంటింటి వైపు తిరిగి నాలుగు వేళ్లెత్తి, బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. అక్కడి నుంచే ఆయన భార్య తలూపింది. కాసేపట్లో నాలుగు చాయలు వచ్చాయి.

ఇంజనీరు ముచ్చటపడిపోయాడు. "సూసిండ్రా సార్, నోట్లకెళ్లి మాట రాకుంటనే సంసారం నడుస్తాంది. మా ఇంట్ల గిట్లుంటే ఎంత మంచిగుండు!"

మేమంతా ఆ దంపతుల అన్యోన్యం చూసి సంతోషపడి, చాయ తాగి, గోడలు కొట్టి చూసి, బాగుందని రాసి వచ్చేశాం. సిస్టరమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి కాసేపు కండ్లు మూసుకుంది. "ఎంత సల్లగున్నది సార్, చీమ చిటుక్కుమంటలేదు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం ఇప్పటికీ నాకు కనబడుతుంది.

బ్యాంకుకు ఆషాఢం పట్టింపు లేదు కాబట్టి లోను మంజూరైపోయింది. మా మేనేజరు సంబరంగా, "శ్రావణం రాగానే ఫస్టు ఫైలు ఇదేనండీ" అని పైఆఫీసుకు చెప్పేశాడు కూడా. పంతులు మొదటి మంచి ముహూర్తమే పెట్టాడు. ఆనాడు పొద్దున ఇంటి దగ్గర కొబ్బరికాయ కొట్టి, అందరం కలిసి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలని మాట.

ఆ పొద్దున అమ్మే ఆయన పేరు మీద డీడీ సంచిలో పెట్టుకొని పోయాను. ఇంజనీరుకు అక్కడ పనేమీ లేదు, అయినా టిఫిను ఉంటుందని వాసన పట్టి వచ్చాడు. సిస్టరమ్మ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, తెల్ల డ్రెస్సు కూడా మార్చుకోలేదు. నిద్ర లేక కండ్లు ఎర్రబడ్డా హుషారుగానే ఉంది. అమ్మే ఆయన రెండు చెవుల్లోనూ దూది పెట్టుకున్నాడు. ఏమయిందని ఇంజనీరు అడిగితే, "సల్లగాలి" అన్నాడు. మా అందరికీ చెమటలు కారుతున్నాయి. ఆ చల్లగాలి ఆయన ఒక్కడికే ఎట్లా తగిలిందో నాకు అంతుపట్టలేదు.

గేటు దగ్గర సిస్టరమ్మ భర్త కొబ్బరికాయ ఎత్తాడు. అంతలో వెనక షట్టరు లేచిన చప్పుడైంది. ఎవరో మైకులో, "హలో, హలో, చెక్, చెక్" అన్నారు. ఆ తర్వాత ఇక మాటల్లేవు.

డీజే అంటే మీకు తెలియనిదేముంది. కానీ పెండ్లి ఊరేగింపులో వినడం వేరు, దాని పుట్టింటి గోడ పక్కన నిలబడి వినడం వేరు. నా గుండె పక్కన ఇంకో గుండె ఎవరో పెట్టినట్టయింది. కిటికీ అద్దాలు గొణగడం మొదలుపెట్టాయి. ఆయన కాయ కొట్టాడు కానీ అది పగిలిన చప్పుడు ఎవరమూ వినలేదు. గేటు దిమ్మె మీద పెట్టిన కొబ్బరి చిప్ప దానంతటదే జరిగి జరిగి కింద పడింది. ఇల్లు అమ్మే ఆయన మాత్రం చిరునవ్వుతో పెదవులు కదుపుతూనే ఉన్నాడు. గుమ్మంలోంచి ఆయన భార్య ఎన్ని అన్నట్టు చేయి తిప్పింది. ఆయన ఐదు వేళ్లెత్తి, బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు.

వాళ్ల అన్యోన్యం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అప్పుడు తెలిసింది.

ఇంజనీరు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "సార్! గోడలు మాత్రం గట్టివే సార్!"

సరిగ్గా అప్పుడే మేనేజరు ఫోన్ చేశాడు. "అయిపోయిందాండీ?" అని అడిగినట్టున్నాడు. నేను ఏదో చెప్పాను. తర్వాత తెలిసింది, నేను ఆఫీసు పని వదిలేసి ఎవరి పెళ్లికో పోయానని ఆయన అనుకున్నాడట.

కాసేపటికి పాట మార్చడానికి ఆపి, షెడ్డు ఓనరు గోడ మీదుగా మమ్మల్ని చూసి ఇటు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. అందరికీ చేతులెత్తి నమస్కారం పెట్టాడు. "కొత్తగ కొంటున్నరా అన్నా? మంచి ఇల్లు. ఆషాఢమంత డీజే డబ్బాలు దీస్కొని పట్నం బోనాలకు పోయినుంటిమి, నిన్ననే వచ్చినం. ఇయ్యాల్టి సంది పెండ్లిలు గద, టెస్టు జేస్తున్నం" అన్నాడు.

"రోజు ఉంటదా?" అని అడిగాడు సిస్టరమ్మ భర్త.

"రోజు యాడుంటదన్నా! మూఢంల ఉండదు, పుష్యంల ఉండదు. శ్రావణం పెండ్లిలు, గణపతి, బతుకమ్మ, దసరా, మల్ల పెండ్లిలు. గంతే. పక్కింటోళ్లు అయితిరి గద, మీ గృహప్రవేశానికి ఉత్తగనే వెడ్త. పెద్ద డబ్బాలే వెడ్త, ఫికర్ జెయ్యకున్రి."

మీ ఇల్లెక్కడ అని ఇంజనీరు అడిగాడు. ఆయన ఊరి అవతల, గుట్ట పక్కన ఉండే నిమ్మళమైన కాలనీ పేరు చెప్పాడు. "పిల్లలు సదువుకోవాలె గద సార్" అని కారణం కూడా చెప్పాడు.

డీజే మళ్లీ మొదలైంది. దాని కింద నిలబడే పంచాయితీ జరిగింది. సిస్టరమ్మ భర్త ఇరకాటంలో పడ్డాడు. పెరడు ఆయనకు తెగ నచ్చింది, ముహూర్తం దాటిపోతోంది, మక్తల్ నుంచి చుట్టాలు బస్సెక్కారు, అన్నిటికన్నా ముందు మాట ఇచ్చి ఉన్నాడు. అంగట్లో మాట తప్పితే మరుసటి వారం గొర్రె దొరకదు. ఇల్లు అమ్మే ఆయనకు అది తెలుసు. "మాట అయింది గద! బ్యాంకోళ్లు సుత వచ్చి సూసి మంచిగున్నదన్నరు! అడుగున్రి సారును!" అని నా వైపు వేలు చూపించాడు.

అందరూ నన్నే చూశారు. సంచిలో డీడీ ఉంది. ఫోన్లో మేనేజరు మళ్లీ మోగుతున్నాడు. గొంతు చించుకొని చెప్పాను. "ఇల్లు బ్యాంకుకు నచ్చింది! కానీ బ్యాంకు ఈడ పండుకోదు!"

సిస్టరమ్మ నవ్వింది. నాకు తెలిసినంతలో ఆమె నవ్వడం అదే మొదలు. "అయితే పండుకునేదాన్ని నేనే సూస్త సార్. ఒక సాప ఇప్పియ్యున్రి" అంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఇల్లు అమ్మే ఆయన భార్యకు అర్థమైంది. లోపలికి పోయి చాప తెచ్చి ముందు గదిలో పరిచింది. సిస్టరమ్మ తలకింద సంచి పెట్టుకుంటుంటే ఆ పెద్దమ్మ పక్కన కూర్చొని, "పండుకో బిడ్డా. నేనైతే శ్రావణంల పగటి పూట కన్నుమూసుడు ఎన్నడో ఇడిచిపెట్టిన" అంది. మొగుడు ఆమెను గుడ్లురిమి చూశాడు. ఆమె లెక్కచేయలేదు. ఆ ఇంట్లో నోరు తెరిచి ఆమె చెప్పిన మొదటి మాట అదే, అదీ నిజం.

మేమంతా బయట వసారాలో నిలబడ్డాం. నేను తలుపు సందులోంచి చూశాను. రాత్రంతా నిలబడ్డ మనిషి కదా, ఆ మోతలోనే నిద్రలోకి జారిపోయింది. భర్త పొంగిపోయాడు. "సూసిండ్రా! మా ఆమె బస్టాండ్ల సుత పండుకుంటది! పా సార్, రిజిస్ట్రేషన్‌కు పా!" అన్నాడు. ఇల్లు అమ్మే ఆయన మొహం వెలిగిపోయింది. ఆ సంతోషంలో ఆయనకు ఒక మంచి పని చేయాలనిపించింది. మంచి పనే, నేను కాదనను. గబగబా గోడ దగ్గరికి పోయి, "ఓ తమ్మీ, పాపం పిల్ల పండుకున్నది, జర సేపు బంద్ వెట్టు" అని సైగ చేశాడు. షెడ్డు ఓనరు వెంటనే మీట నొక్కి ఆపేశాడు.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. వేపచెట్టు మీద పిట్ట కూత వినబడింది.

లోపల సిస్టరమ్మ ఉలిక్కిపడి లేచింది. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకొని, "ఏ బెడ్డు? ఏ బెడ్డు?" అంది. ఆమె చేతులు దేనికోసమో వెతుకుతున్నాయి. మమ్మల్ని చూసింది కానీ మేము ఎవరమో ఆమెకు తెలియలేదు. కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకొని భర్త అట్లాగే నిలబడిపోయాడు.

ఆమె తేరుకోవడానికి కొంచెం సేపు పట్టింది. గుమ్మం మీదే కూలబడి, పెద్దమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, సిగ్గుపడుతూ చెప్పింది.

"వార్డుల రాత్రంత మిషన్లు మోగుతనే ఉంటయి సార్. ఆ సప్పుడు పక్కన కుర్సీల ఇంత కునుకు సుత తీస్తం. మోగుతాందంటే మనిషి మంచిగున్నట్టు. సప్పుడు ఆగిందంటేనే ఉరకాలె." షెడ్డు వైపు చూసింది. "గీ డబ్బాలు మొదలైతయి, ఆగుతయి. ఆగినప్పుడల్ల నేను గిట్లనే ఉరుకుత. గీ ఇంట్ల ఉంటే నాకు డ్యూటీ దిగుడే ఉండదు."

ముందుగా మాట్లాడింది ఆమె భర్తే. జీవితంలో మొదటిసారి అనుకుంటాను, అంత మెల్లగా మాట్లాడాడు. "పా, ఇంటికి పోదాం. మేకలు యాడన్న కట్టేసుకోవచ్చు." తర్వాత ఇల్లు అమ్మే ఆయన దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకొని, "మాట దప్పుతున్న అన్నా. ఏమన్న అనుకో" అన్నాడు.

ఆయన ఏమనుకున్నాడో కానీ చెవుల్లోంచి దూది తీసి జేబులో వేసుకున్నాడు. "నేనుగిట నీ తీరుగనే ఆషాఢంలనే సూసి కొన్న తమ్మీ" అన్నాడు. ఆ మాటకు ఇంజనీరుకు నవ్వు ఆగలేదు. ఆయనను చూసి పెద్దమ్మ నవ్వింది, ఆమెను చూసి మేమందరం నవ్వాం. ముహూర్తం దాటిపోయింది, టిఫిను మాత్రం అందరం తిన్నాం.

డీడీ వాపసు తెచ్చి టేబుల్ మీద పెడితే మేనేజరు తల పట్టుకున్నాడు. "చప్పుడు కోసం లోను వెనక్కా? ఏ రూల్లో ఉందండీ ఇది?" అన్నాడు. ఏ రూల్లోనూ లేదని ఒప్పుకున్నాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. మూడో వారంలో ఆయనే మెల్లగా వచ్చి, "మా ఆవిడకు ఒక అద్దె ఇల్లు నచ్చిందండీ. ఈ గురువారం పెళ్లి ముహూర్తం ఉందట కదా, ఒకసారి మీరూ వచ్చి చూస్తారా?" అన్నాడు. పోయాం. ఆ ఇల్లూ వద్దనుకున్నాం.

అప్పటి నుంచి నాకు ఇది పట్టుకుంది. ఊరు ఊరుకున్న రోజు కాక, ఊరు మేలుకున్న రోజు ఇల్లు చూడాలి. పెండ్లిళ్లున్న రోజు ఒకసారి పోవాలి. చిట్యాల దిక్కు పనిచేసినప్పుడు రైస్ మిల్లు పక్కన ఉన్న ఇంటిని వరి కోతలకు ముందు చూడనిచ్చేవాణ్ణి కాదు. కట్టెలు కోసే మిషన్ పక్కన ఇల్లయితే కరెంటు ఉన్నప్పుడే చూడమనేవాణ్ణి. కరెంటు పోయినప్పుడు ఏ ఇల్లయినా మంచిదే. నాతో తిరగలేక కొందరు విసుక్కున్నారు, కొందరు దీవించారు. ఎక్కువగా విసుక్కున్నవాళ్లే ఉన్నారు, అబద్ధమెందుకు.

సిస్టరమ్మ ఆ తర్వాత ఎన్ని ఇండ్లు చూసిందో. నైట్ డ్యూటీ దిగి, సంచిలో దుప్పటి పెట్టుకొని పోయి, "జర పండుకొని సూస్త" అనేదట. అమ్మేవాళ్లు నోరెళ్లబెట్టేవారు. ఒకావిడ దయ్యం పట్టిందేమోనని నిమ్మకాయ కూడా తిప్పిందట. చివరికి ఊరి చివర ఒక సందులో చిన్న ఇల్లు దొరికింది. ఏమంత అందం లేదు, పెరడు అసలే లేదు. ఇంజనీరు గోడలు కొట్టి చూసి పెదవి విరిచాడు. నేను మంజూరుకు పంపాను.

లోను ఇచ్చిన కొన్నాళ్లకు, తీసుకున్నవాళ్లే ఆ ఇంట్లో ఉంటున్నారో లేదో ఒకసారి పోయి చూసి రావాలి. ఒకరోజు పొద్దున పది దాటాక పోయాను. తలుపు కొట్టాను, ఎవరూ పలకలేదు. మళ్లీ కొట్టాను. మూడోసారి చేయి ఎత్తేలోపు సందు మలుపు నుంచి ఆమె భర్త పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి, నోటి మీద వేలు పెట్టుకొని, రెండో చేతిని చెంప కింద ఆనించి చూపించాడు.

నేను తలూపాను. ఇంట్లోనే ఉంటున్నారని ఫైల్లో రాసుకున్నాను. తర్వాత స్కూటరు స్టార్టు చేయకుండా, సందు చివరిదాకా తోసుకుంటూ పోయాను.